శాశ్వత సభ్యులు

సోమవారం, సదస్సు భవనం

అక్కకి,

నీ తమ్ముడు క్షేమంగా చేరి రాస్తున్నాడు. బస్సు కొండ ఎక్కేటప్పుడు కడుపులో తిప్పింది గానీ, నువ్విచ్చిన నిమ్మకాయ వాసన చూసుకుంటూ ఎలాగో గట్టెక్కాను. ఇక్కడి టపా సంచి రోజూ పొద్దుటి బస్సులో కిందికి వెళ్తుందట. తీరిక దొరికినప్పుడల్లా రాస్తాను. నువ్వూ రాస్తుండు.

భవనం చాలా పెద్దది. ఒకప్పుడు క్షయరోగుల ఆస్పత్రట. వసారాలు ఎంత పొడుగంటే, ఈ చివర నేను దగ్గితే ఆ చివర ఇంకెవరో దగ్గినట్టు వినిపిస్తుంది. గోడల్లో చెమ్మ గురించి మాట్లాడ్డానికి వచ్చిన వాళ్ళం కదా, ముందు గోడలే చూశాను. నేల నుంచి కప్పు దాకా తడి. చెయ్యి ఆనిస్తే కప్ప వీపులా తగిలింది.

వచ్చీ రాగానే ఒక చిక్కు. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఒకావిడ వచ్చినవాళ్ళకి సంచీ, పేరు రాసిన బిళ్ళా ఇస్తోంది. నా పేరు చెప్పాను.

"మీరు పొద్దున్నే వచ్చి తీసుకున్నారు కదండీ," అంది.

"నేనిప్పుడే బస్సు దిగానండీ."

"పొద్దున్నే వచ్చారు. మంచినీళ్ళు కూడా ఇచ్చాను. మీరు తాగలేదు."

అంతలో సదస్సు కార్యదర్శి వచ్చాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. ఆపడం చేతకాక నవ్వుతున్నాడేమో అనిపించింది. బల్ల మీద ఒకే ఒక్క బిళ్ళ మిగిలి ఉంది. అది పెద్దాయనది. పెద్దాయనంటే నీకు తెలుసు, నా బల్ల మీద దిండంత ఉండే ఆ పుస్తకం రాసినాయన. చెమ్మ మనిషి నడుం ఎత్తు దాటి గోడ ఎక్కదని ఆయన ఎప్పుడో తేల్చేశాడు. దాన్ని అందరూ నడుం సూత్రం అంటారు. అది తప్పని చెప్పడానికే నేనొచ్చాను. మన వంటింటి గోడే నా సాక్ష్యం.

"పెద్దాయన ఇంకా రాలేదు. ఇవాళ్టికి ఆయన బిళ్ళ వేసుకోండి. బిళ్ళ వేసుకోనిదే ఇక్కడ భోజనం పెట్టరు," అన్నాడు కార్యదర్శి. సరేనని వేసుకున్నాను. అప్పట్నుంచీ ఒళ్ళు కాస్త బరువుగా ఉంది. ప్రయాణం బడలిక కాబోలు.

నా పత్రం శుక్రవారం భోజనాల తర్వాత, వెనకవైపు చిన్నగదిలో. సరిగ్గా అదే సమయానికి పెద్ద హాల్లో పెద్దాయన ప్రసంగం. నాకు శ్రోతలు ఎంతమంది ఉంటారో నువ్వే ఊహించుకో.

నీ తమ్ముడు

తా.క. సంచీలో ఒక కలం ఇచ్చారు. రాయడం లేదు. పక్కనాయన్ని అడిగితే, తను చాలా సదస్సులకి వెళ్ళాననీ, సంచీలో కలం రాయదనీ, రాసిందంటే ఏదో అనుమానించాలనీ చెప్పాడు.

•

మంగళవారం, ఇల్లు

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాసేది.

నీ ఉత్తరం చదువుతూ టీ చల్లార్చుకున్నాను. జీవితమంతా ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన దాన్ని ఇంట్లో పెట్టుకుని, ఎవరో ముక్కూమొహం తెలీనివాడు ఇచ్చిన బిళ్ళ ఎలా వేసుకున్నావురా? అదీ ఇంకొకాయన పేరు రాసిన బిళ్ళ. మా వార్డులో పొట్లాల మీద పేర్లు రాసేది దేనికనుకున్నావు? ఒకరిది ఒకరు మింగకూడదనే.

బిళ్ళ వేసుకుంటేనే భోజనం పెడతామన్నారంటే ఆ భోజనం ఎలాంటిదో నాకు అర్థమవుతూనే ఉంది. ఒళ్ళు బరువుగా ఉందంటున్నావు. వివరంగా రాయి. బిళ్ళ ఏ రంగు? గుండ్రమా, పొడుగా? ఆ పెద్దాయనకి ఏం జబ్బు? బీపీ అయితే నీకు కళ్ళు తిరుగుతాయి. షుగరైతే చెమటలు పడతాయి, వెంటనే పంచదార నోట్లో వేసుకో. నీ బిళ్ళ నీకన్నా ముందే వచ్చి మింగి పోయినవాడెవడో పాపం, వాడి గతేమిటో.

ఇక్కడ వంటింటి చెమ్మ నువ్వు వెళ్ళాక ఇంకాస్త ఎక్కింది. ఇన్నేళ్ళుగా దాన్ని కొలుస్తున్నావు గానీ ఒక్కనాడూ బాగుచేసిన పాపాన పోలేదు. అడిగితే, బాగుచేస్తే ఇక కొలవడానికి ఏముంటుందక్కా అంటావు. డబ్బాలన్నీ తీసి మంచం కింద పెట్టాను.

పత్రం చదివేటప్పుడు తల పైకెత్తు. చిన్నప్పుడు బళ్ళో పాఠం అప్పజెప్పమంటే చొక్కా గుండీకి చెప్పినట్టు చెప్పేవాడివి. గది చిన్నదైతే మరీ మంచిది, నీ గొంతు ఆ చివరిదాకా పోతుంది.

మీ అక్క

తా.క. బిళ్ళ వేసుకున్నాక విరేచనాలైతే దాచకుండా రాయి. శాస్త్రజ్ఞులకీ అవుతాయి.

•

బుధవారం, సదస్సు భవనం

అక్కకి,

నీ ఉత్తరం ఇంకా అందలేదు. నేనే రాస్తున్నాను, రాయకపోతే తోచేలా లేదు.

ఆ బిళ్ళ వేసుకున్న దగ్గర్నుంచి నా ఒంట్లో ఏదో తేడా వచ్చింది. గొంతు మారింది. మాట్లాడితే లోపల ఇంకెవరో పెద్దమనిషి మాట్లాడుతున్నట్టు గంభీరంగా వస్తోంది. ఎదురైన ప్రతివాళ్ళూ లేచి నిలబడి, పెద్దాయనా అని పలకరిస్తున్నారు. నేను కాదండీ అంటే, మీ చలోక్తులు ఇంకా తగ్గలేదండీ అని నవ్వుతున్నారు. కరచాలనం చేస్తే ఒక్కరి చెయ్యీ వెచ్చగా లేదు. కొండ మీద చలి కదా అనుకున్నాను. టీ విరామంలో అందరూ కప్పులు పట్టుకుని గంటసేపు కబుర్లు చెప్పుకుంటారు. గంట అయ్యాక కప్పులన్నీ నిండుగానే లోపలికి వెళ్తాయి.

నిన్న మధ్యాహ్నం ఒక ప్రత్యేక సమావేశం ఉందని నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. వెనక గోడకి ఒక ముసలాయన ఫొటో, చుట్టూ నల్ల రిబ్బను. కింద పెద్దాయన పేరు. అక్కా, ఆయన పోయి ఏడాదైందట. అది ఆయన సంతాప సభ. ఒక్కొక్కరే లేచి, ఆయన లేని లోటు తీరనిది అంటూ నావైపు తిరిగి నమస్కారం పెట్టారు. అందరూ మౌనం పాటించడానికి నిలబడితే నేనూ లేచాను. కార్యదర్శి నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"మీరు కూర్చోండి. నిలబడాల్సింది మేము," అన్నాడు చెవిలో.

చివర్లో నన్ను స్పందించమన్నారు. ఏం స్పందిస్తాను? అందరికీ ధన్యవాదాలు, ఇంత చేస్తారని అనుకోలేదు అన్నాను. చప్పట్లు ఆగలేదు.

బయటికొచ్చాక కార్యదర్శిని పట్టుకున్నాను. పోయినాయన పేరు ఇంకా మీ సదస్సులో ఎందుకుందండీ అని అడిగాను.

"జీవిత సభ్యులైతే జీవితం ఉన్నంతవరకే. ఆయన శాశ్వత సభ్యులు కదండీ," అన్నాడు. నవ్వుతూనే.

నీ తమ్ముడు

తా.క. సంతాప సభలో ఒకాయన ప్రశ్న అడుగుతానని లేచి, తను రాసిన పుస్తకం గురించి గంట కొట్టేదాకా మాట్లాడాడు. అది విన్నాక కాస్త ధైర్యమొచ్చింది. మామూలు సదస్సే.

•

గురువారం, ఇల్లు

చిరంజీవి తమ్ముడికి,

పెద్దాయన పోయాడా? ఆ బిళ్ళలు వేసుకున్నాయన పోయాడు, నువ్వు ఆ బిళ్ళలే వేసుకుంటున్నావు, పైగా ఆయన సంతాప సభలో స్పందిస్తున్నావు.

ఈ ఉత్తరం అందగానే గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు కలుపుకుని తాగి, గొంతులో వేలు పెట్టుకుని కక్కెయ్. గొంతు మారిందన్నావు కాబట్టి నరాల మీద పనిచేసేదే అయ్యుంటుంది. మన పాత డాక్టరుగారి ఇంటికెళ్ళి అడిగాను. ఆయన నా మాటంతా విని, బిళ్ళ వేసుకున్నాక వేదిక మీద మాట్లాడగలుగుతున్నాడా అన్నారు. మాట్లాడుతున్నాడట, చప్పట్లు కూడా కొట్టారట అన్నాను. అయితే ఆ బిళ్ళ పేరు కనుక్కోమ్మా, మా అల్లుడికి కూడా కావాలి అన్నారు. ఆయనతో నాకు మాటలు బందు.

కప్పులో టీ తాగకుండా వదిలేస్తున్నారంటే ఆ టీలోనూ ఏదో ఉంది. నువ్వూ తాగకు.

మీ అక్క

తా.క. పోయినవాళ్ళ చేతులు ఎంత చల్లగా ఉంటాయో నాకు తెలుసు. కొండ చలికి చేతులు అంత చల్లబడవు. ఎందుకైనా మంచిది, ఎవరికీ చెయ్యివ్వకు. నమస్కారం పెట్టు.

•

గురువారం, సదస్సు భవనం

అక్కకి,

నీ మంగళవారం ఉత్తరం ఇప్పుడే అందింది. చదివి ఈ భవనంలో మొదటిసారి నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

అక్కా, బిళ్ళంటే మింగేది కాదు. అట్టముక్క. పేరు రాసి, తాడు కట్టి ఉంటుంది. మెడలో వేసుకుంటాం. నా కడుపు బాగానే ఉంది. బాగోనిది ఏమిటో చెప్తాను విను.

ఇవాళ ఆ బిళ్ళ తీసి జేబులో పెట్టుకుని భోజనానికి వెళ్ళాను. వడ్డించే అతను నన్ను దాటేసి నా వెనకాయనకి వడ్డించాడు. నేనున్నానండీ అన్నాను. వినిపించుకోలేదు. గట్టిగా అరిచాను. హాల్లో ఒక్క తల తిరగలేదు. సరేనని ఒక కుర్చీలో కూర్చుంటే, ఒక లావుపాటి ఆచార్యురాలు వచ్చి నేరుగా నా ఒళ్ళో కూర్చుంది. బరువే లేదు అక్కా. తడిగుడ్డ ఆరేసినట్టుంది. తిట్టుకుంటూ బయటపడి బిళ్ళ మళ్ళీ మెడలో వేసుకున్నాను. వెంటనే నలుగురు లేచి కుర్చీలు చూపించారు.

రేపు మధ్యాహ్నం నా పత్రం. చిన్నగదిలోకి నేను నేనుగా వెళ్తే కనపడనే కనపడను. పెద్ద హాల్లో మాత్రం పెద్దాయన కోసం అందరూ ఎదురుచూస్తున్నారు. నాకో ఆలోచన వచ్చింది. ఆయన పేరు మీద నా పత్రమే చదివేస్తే? నడుం సూత్రం తప్పని పెద్దాయన నోటితోనే అంటే నమ్మకుండా ఉంటారా? నిజం నలుగురికీ చేరుతుంది. నా పేరు చేరదు, అంతే. చేరకపోతే ఏం?

ఏం, అని రాశాను గానీ నిద్ర పట్టడం లేదు. నువ్వేమంటావు?

నీ తమ్ముడు

తా.క. నాకన్నా ముందొచ్చి నా బిళ్ళ తీసుకున్నాయన్ని ఇక్కడ చాలామంది చూశారట. ఎలా ఉంటాడని అడిగితే, మీ తమ్ముడిలా, అని ఒకావిడ నాతోనే అంది. నాకు తమ్ముడెవరూ లేరని నీకు తెలుసు కదా.

•

శనివారం, ఇల్లు

తమ్ముడూ,

నువ్వు అక్కడే ఉన్నావా? లేకపోతే ఈ ఉత్తరానికి జవాబు రాయక్కర్లేదు.

సంగతేమిటంటే, నువ్వు నిన్న చీకటి పడే వేళకి ఇంటికొచ్చేశావు. మెడలో నీ పేరు రాసిన అట్టముక్క ఉంది. బిళ్ళలు మానేశావట్రా అని అడిగాను. మానేశాను అక్కా అన్నావు. పత్రం ఎలా జరిగిందంటే బాగా చదివానన్నావు. నా ప్రాణం కుదుటపడింది. సదస్సుకి వెళ్ళొచ్చాక నీలో చాలా మంచి మార్పొచ్చిందనుకున్నాను. నిటారుగా నడుస్తున్నావు. చెప్పులు వరుసలో పెడుతున్నావు. ముట్టుకోని కంచం కూడా కడుగుతున్నావు. ఆకలి లేదంటే ప్రయాణం కదా అని ఊరుకున్నాను.

ఇవాళ పొద్దున్నే చొక్కా చేతులు మడిచి, వంటింటి గోడకి కొట్టిన సిమెంటంతా ఉలితో గీకడం మొదలుపెట్టావు. నేను గుమ్మంలో నిలబడి కళ్ళు నులుముకున్నాను. ఇన్నేళ్ళలో జరగని పని. గోడ ఊపిరి పీల్చుకోవాలి అక్కా, అంటున్నావు. మధ్యమధ్యలో గోడకి చెంప ఆనించి కళ్ళు మూసుకుంటున్నావు.

అంతలో టపా వచ్చింది. అందులో నీ ఉత్తరం. రేపు పత్రం, నువ్వేమంటావు అని. ఇంట్లో ఉన్న నిన్ను అడిగితే, సదస్సు ఉత్తరాలు ఆలస్యంగా చేరతాయి అక్కా అన్నావు. ఆలస్యమైతే కావచ్చు. కానీ ఇంట్లో నువ్వు నన్ను మీరు అన్నావు. మాట తడబడి అన్నావనుకుందాం. రెండుసార్లు తడబడ్డావు.

ఇంట్లో ఉన్నది నువ్వయితే ఈ ఉత్తరం వృథా. కాకపోతే, నీ పేరు నువ్వు వదులుకోవడం గురించి నన్నడిగావు కదా. ఆ పేరు పెట్టింది నేను. అమ్మానాన్నలు వేరే పేరు అనుకుంటుంటే ఇదే కావాలని నేల మీద పడి దొర్లి ఏడ్చి పెట్టించాను. నన్నడగకుండా ఎవరికీ ఇవ్వకు.

మీ అక్క

తా.క. జ్వరమేమోనని ఇందాక నీ చెయ్యి పట్టుకుని చూశాను. నాడి దొరకలేదు. రెండో చెయ్యీ చూశాను. వయసు మీద పడి వేళ్ళకి స్పర్శ తగ్గిందేమోనని నా నాడి నేను చూసుకున్నాను. గుర్రంలా పరిగెడుతోంది.

•

సోమవారం, సదస్సు భవనం

అక్కకి,

నేను ఇక్కడే ఉన్నాను. ఇంట్లో ఉన్నది నేను కాదు. నీ ఉత్తరం చదివినప్పుడు భయపడాల్సింది, భయం ఆలస్యంగా వచ్చింది. ఇక్కడ అన్నీ కాస్త ఆలస్యంగానే వస్తాయి.

శుక్రవారం పెద్ద హాల్లో నా పత్రం చదివాను. తల ఎత్తే చదివాను. గోడకి రెండువైపులా సిమెంటు మూసేస్తే తడికి బయటికి దారి ఉండదనీ, దారి లేకే పైకి ఎక్కుతుందనీ, నడుం ఎత్తు దగ్గర ఆగుతుందనడం తప్పనీ చెప్పాను. ఆ తర్వాత చప్పట్లు. పెద్దాయన తన సూత్రాన్ని తానే సరిదిద్దుకున్నారు, ఎంత గొప్ప మనసు అన్నారు. దానికి పెద్దాయన రెండో సూత్రమని పేరు కూడా పెట్టేశారు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అధ్యక్షుడు అడిగాడు. ఒక్కరికీ లేదు. కప్పు దాకా తడిసిన గోడకి వీపులు ఆనించి అలాగే చప్పట్లు కొట్టారు.

కనీసం కింద నా పేరు వేయండని కార్యదర్శిని అడిగాను.

"ఆ పేరుగలాయన చిన్నగదిలో చదివేసి వెళ్ళిపోయారు కదండీ," అన్నాడు.

సదస్సు శనివారంతో అయిపోవాలి. అయిపోలేదు. ముగింపు సభ జరిగింది, గ్రూపు ఫొటో తీశారు, మర్నాడు పొద్దున మళ్ళీ ప్రారంభ సభ జరిగింది. నేను పెట్టె సర్దుకుని బస్సు దగ్గరికి వెళ్తే గేటు కాపలా అతను నా బిళ్ళ చూసి, "శాశ్వత సభ్యులు కిందికి వెళ్ళరండీ" అన్నాడు. బిళ్ళ తీసేసి వెళ్తే గేటు తీయనే లేదు. లేని మనిషికి ఎవరు తీస్తారు? బస్సు నా కళ్ళముందే కదిలిపోయింది. తిరిగొస్తే నాకు వేరే గది ఇచ్చారు. తలుపు మీద పెద్దాయన పేరు. రంగు పాతది, పెచ్చులు లేచిపోయి ఉంది.

ఇంట్లో ఉన్నాయన మెడలోని బిళ్ళ వీలైతే పంపు. తొందరేం లేదు. నిజం చెప్పాలంటే ఇక్కడ నేను మాట్లాడితే వింటారు. నేను పాఠం చెప్పే కాలేజీలో అటెండెన్సు పిలిచినా వినేవాళ్ళు లేరు. ఇక్కడ తుమ్మితే రాసుకుంటున్నారు.

నీ తమ్ముడు

తా.క. ఇంట్లో ఉన్నది పెద్దాయనే అయ్యుండాలి, ఆయన్ని ఒరే అనకు. చాలా గొప్పవాడు.

ఇంకొక తా.క. నా నాడి నేను చూసుకున్నాను. ఉంది. కాకపోతే ప్రతిసారీ కొట్టుకోవాలా వద్దా అని ఆలోచించుకుని కొట్టుకుంటోంది.

•

బుధవారం, ఇల్లు

చిరంజీవి తమ్ముడికి,

తొందరేం లేదు అని రాశావు చూడు, ఆ ముక్క చదివాకే నాకు తొందర పుట్టింది. ఇలా అన్న రోగులు తెల్లారేసరికి మంచం మీద ఉండరు.

ఉత్తరం మడిచి కొంగున పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఆయన తాపీతో గోడకి సున్నం పూస్తున్నాడు.

"మీరు మా తమ్ముడు కారు," అన్నాను.

తాపీ ఆగింది. "కానమ్మా," అన్నాడు. ఆ గొంతు నీది కాదు.

"ఆ లావు పుస్తకం రాసినవారు మీరేనా?"

"నేనే."

"దాన్ని గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టానండీ. ఏమీ అనుకోకండి."

"మంచి పని చేశారు. అట్ట గట్టిది," అన్నాడు.

కూర్చోమన్నాను. కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఒరే అన్నందుకు నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనకి ఆ ధ్యాసే లేదు, గోడకేసే చూస్తున్నాడు.

"నేను ఏది చెప్పినా అందరూ చప్పట్లు కొట్టారమ్మా. కాదు అన్నవాడు ఒక్కడూ లేడు. పోయాక కూడా లేడు. అదే సదస్సు, అవే చప్పట్లు. ఈసారి వచ్చిన పత్రాల్లో ఒకదాంట్లో నేను తప్పని ఉంది. ఎవరో వంటింటి గోడ చూసి రాశాడు. చదివి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ గోడ చూడాలనిపించింది. బతికినన్నాళ్ళూ గోడల గురించి మాట్లాడానే గానీ ఒక్క గోడ మీద చెయ్యి పెట్టిన గుర్తు లేదు. నా బిళ్ళతో ఆ గేటు దాటనివ్వరు. అందుకని మీ తమ్ముడిది తీసుకున్నాను."

"మరి మా వాడో?"

"ఒక్క పూట అనుకున్నాను. గోడ చూసి వెళ్ళిపోదామనుకున్నాను. చూశాక గీకకుండా ఉండలేకపోయాను." నావైపు తిరిగి అడిగాడు. "ఆయనకి చప్పట్లు కొట్టారా?"

"చాలాసేపు కొట్టారట."

"ప్రశ్నలడిగారా?"

"లేదటండీ."

ఆయన చేతులకంటిన సున్నం చూసుకుంటూ చెప్పాడు. "చిన్నగదిలో ఆయన పత్రం నేనే చదివానమ్మా. ఒకే ఒక్కావిడ ఉంది. చిన్నపిల్లల బడి నడుపుతుందట. ఎవరితో వచ్చిందో, ఎలా వచ్చిందో, బతికున్న మనిషే. చెయ్యి వెచ్చగా ఉంది. అంతా విని, మా తరగతి గోడ ఇలాగే ఉంది, పిల్లలు దగ్గుతున్నారు, రెండువైపులా సిమెంటే, ముందు ఏ పక్క గీకాలి, పిల్లలు లోపల ఉండగా గీకొచ్చా అని అడిగింది. నాకు తెలీదమ్మా. జీవితంలో మొదటిసారి ఒక సదస్సులో నిలబడి నాకు తెలీదు అన్నాను. ఇంటికెళ్ళి జవాబు రాస్తానని చిరునామా తీసుకున్నాను. అది మీ తమ్ముడే రాయాలి."

చెప్పి, మెడలోంచి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. పెట్టిన చెయ్యి నా కళ్ళముందే లేకుండా పోయింది. ఆ తర్వాత మోచెయ్యి, తర్వాత ముఖం. కుర్చీ మిగిలింది. నేను అరవలేదు. ఆస్పత్రిలో చాలామంది వెళ్ళిపోవడం చూశాను, ఇంత మర్యాదగా వెళ్ళినవాళ్ళు తక్కువ. కాసేపటికి తాపీ దానంతటదే పైకి లేచింది. గోడ మీద సున్నం మెల్లగా పాకడం మొదలైంది. ఇంకా ఇక్కడే ఉన్నారాండీ అని అడిగాను. తాపీతో గోడ మీద ఒకసారి తట్టాడు. ఉన్నాడు.

నీ బిళ్ళ ఇందులో పెట్టాను. అందగానే వేసుకుని మొదటి బస్సెక్కు. ఎవరు చప్పట్లు కొట్టినా వెనక్కి తిరగకు. ఇంటికొచ్చాక కూడా, నేను నీ చెయ్యి పట్టుకుని నాడి చూసేదాకా అది తీయకు. ఆ బడి ఆవిడకి జవాబు రాసే పని ఉంది, పిల్లలు దగ్గుతున్నారు. పెద్దాయన బిళ్ళ అక్కడ పారేసి రాకు, జేబులో పెట్టుకుని తీసుకురా. ఆయన గోడ పని అయ్యేదాకా వెళ్ళేలా లేడు. కనపడని మనిషి ఇంట్లో ఉంటే నాకు ఊడ్చుకోవడం కష్టంగా ఉంది.

మీ అక్క

తా.క. నేను అక్కడికి ఇన్ని ఉత్తరాలు రాశాను కదా, నా చిరునామా మీ కార్యదర్శి కంట పడినట్టుంది. నిన్నటి టపాలో నాకూ ఒక బిళ్ళ వచ్చింది. పేరు ఒక్క అక్షరం తప్పు లేకుండా రాశాడు, నా పింఛను కాగితాల్లో కూడా ఎవరూ ఇంత సరిగ్గా రాయలేదు. కింద శాశ్వత సభ్యురాలు అని ఉంది. పొయ్యిలో పెట్టాను, అంటుకోలేదు. నీళ్ళలో వేశాను, నానలేదు. చివరికి దాని వెనకే, ఇప్పుడు తీరిక లేదు, దొరికినప్పుడు నేనే వస్తాను, మీరు పిలవక్కర్లేదు అని రాసి, తిరుగు టపాలో వేయడానికి కవరు అంటించాను. అంటించేముందు పెద్దాయనకి చదివి వినిపించి, ఇలా రాస్తే వాళ్ళు ఊరుకుంటారాండీ అని అడిగాను. తాపీ కాసేపు గాల్లో ఆగింది. తర్వాత, నేనడిగింది వినపడనట్టు, మళ్ళీ సున్నం పూయడం మొదలుపెట్టాడు.